గడ్డం తీయకుండా ఫైర్ క్రూలో చేరొచ్చా?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి కొత్తగా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. కాజీపేట కుర్రాడు, 24 ఏళ్లు, ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా పూర్తి చేశాడు. పెద్దపల్లి వైపు ఒక కెమికల్ ఫ్యాక్టరీ ఫైర్ క్రూలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ట్రైనింగ్ మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్ "గడ్డం తీసి రా, అప్పుడే బీఏ సెట్ చేతికిస్తా" అన్నాడు. బీఏ సెట్ అంటే వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు ఉండే శ్వాస పరికరం. కుర్రాడిది ఫ్యాషన్ గడ్డం కాదు, దీన్ ప్రకారం పెంచుకున్నది. దోస్తులేమో అమెరికా కోర్టు తీర్పొకటి వాట్సాప్‌లో పంపి కేసు వెయ్యమంటున్నారు. ఇంట్లో అమ్మీ ఉద్యోగం పోగొట్టుకోవద్దంటోంది, అబ్బా గడ్డం జోలికి పోవద్దంటున్నాడు. "గడ్డంతోనే ఈ పని చేసే దారి ఉందా? ఇది రూలా, నా మతం మీద కోపమా? నాకు చశ్మా కూడా ఉంది, దానికీ ఏమైనా అంటారా?" అని అడిగాడు.

తమ్ముడూ, నువ్వు అనే పిలుస్తాను, మా చిన్నవాడి వయసు నీది. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ముప్పై ఏళ్లకు పైగా ఫైర్ సర్వీసులో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ప్రైవేటు ఫ్యాక్టరీల కుర్రాళ్లకు బీఏ సెట్ వేసుకోవడం నేర్పిస్తుంటాను. నీ ఇన్‌స్ట్రక్టర్ అన్న మాట నేనూ చాలామందితో అన్నాను. అనాల్సిన చోట అనకుండా ఊరుకున్న రోజులూ ఉన్నాయి, అదీ చెప్తాను.

ముందు సూటిగా జవాబు. బీఏ సెట్ వేసుకుని పొగలోకో గ్యాస్‌లోకో వెళ్లే పని గడ్డంతో చేయడానికి ఈ రోజుకు దారి లేదు. ఫైర్ క్రూలో ఆ సెట్ వేసుకోనక్కర్లేని పనులు ఉన్నాయి, వాటికి గడ్డం అడ్డు కాదు. ఇక కోపమా రూలా అన్నది ఆ ఇన్‌స్ట్రక్టర్ మిగతావాళ్లతో ఎలా ఉంటాడో చూస్తే నీకే తెలిసిపోతుంది.

మాస్కు సంగతి నీకు డిప్లొమాలో చెప్పే ఉంటారు, కానీ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పి వదిలేస్తారు. అద్దం ముందు నిలబడి వేలితో నీ ముఖం మీద గీత గీసుకో. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటుకు కాస్త కింద మొదలుపెట్టు. కణతల పక్క నుంచి, చెవులకు ముందుగా, చెంపల అంచు మీదుగా దిగి చుబుకం కిందికి తీసుకుపో. ఫుల్ ఫేస్ మాస్కు రబ్బరు సరిగ్గా ఆ గీత మీద కూర్చుంటుంది. మన భాషలో వెంట్రుకలకూ గడ్డమే, కింద ఉన్న ఎముకకూ గడ్డమే. రబ్బరు మాత్రం ఎముక మీది చర్మాన్నే అడుగుతుంది. అందుకే మీసంతో పెద్ద గొడవ లేదు. మాస్కు లోపల ముక్కూ నోరూ కప్పే చిన్న కప్పు ఉంటుంది, మీసం అందులో ఇమిడి, గాలి బయటికి పోయే వాల్వ్‌కు తగలకపోతే చాలు. చెంపల మీదా చుబుకం కిందా ఉన్నదే సమస్య.

వెంట్రుక ఎంత సన్నం, దానివల్ల ఏమవుతుంది అంటారు. వెంట్రుక పక్కన వెంట్రుక, మధ్యలో సందు. కొన్ని వేల సందులు. పొగలో ఉండే రేణువుల ముందు, కార్బన్ మోనాక్సైడ్ లాంటి గ్యాసుల ముందు ఆ సందులు దర్వాజాలంత. రెండు రోజుల మాసిన గడ్డం కూడా పాడుదే. పొట్టి వెంట్రుకలు బ్రష్ కుచ్చులా నిలబడి రబ్బరును ఎత్తి పట్టుకుంటాయి. "గడ్డం లేదు కదా సార్, మొన్ననే గీశాను" అనే వాళ్లను నేను మరీ ఎక్కువ కసురుకునేది అందుకే.

ఇక్కడ నీలాంటి చదువుకున్న కుర్రాళ్లు ఒక మంచి పాయింటు లేవనెత్తుతారు. ఇప్పటి సెట్లన్నీ పాజిటివ్ ప్రెషర్‌వి. అంటే మాస్కు లోపల గాలి ఒత్తిడి బయటికంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువ. సందు ఉన్నా లోపలి గాలి బయటికి పోతుందే తప్ప బయటి విషం లోపలికి రాదు కదా అని. ట్రైనింగ్‌లో నువ్వూ చూస్తావు. మాస్కు వేసుకుని, సిలిండర్ తెరిచి, అంచు కింద ఒక వేలు దూర్చితే గాలి బుస్సుమని బయటికి కొడుతుంది. వేలు తీస్తే ఆగిపోవాలి. అప్పుడు ఊపిరి బిగబట్టి చెవి పెట్టి వినాలి. చప్పుడు లేకపోతే సీల్ కూర్చున్నట్టు. గడ్డం ఉన్నవాడికి ఆ బుస ఆగదు, సన్నగా ఈల వేసినట్టు వస్తూనే ఉంటుంది.

ఆ ఈలకు లెక్క ఉంది. 6.8 లీటర్ల సిలిండర్‌ను 300 బార్ ఒత్తిడికి నింపితే సుమారు 2,040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే 50 నిమిషాలు వస్తుందని కాగితం మీద రాస్తారు. హోస్ లాగుతూ, మెట్లెక్కుతూ ఉన్నవాడు 60 పైనే పీలుస్తాడు, అంటే అరగంట. 55 బార్ దగ్గర గాలి అయిపోవస్తోందని విజిల్ మోగుతుంది, అప్పటికి మిగిలేది 370 లీటర్ల చిల్లర. ఇందులోంచి నిమిషానికి ఇరవై ముప్పై లీటర్లు చెంపల పక్క నుంచి కారిపోతే ఏం మిగులుతుందో లెక్క వేసుకో. ఇది మొదటి సంగతి. రెండోది, పాజిటివ్ ప్రెషర్ అనేది ఊపిరి మామూలుగా ఉన్నంతసేపే ధీమా. భయపడ్డవాడు, బరువు మోస్తున్నవాడు ఒక్కసారిగా గట్టిగా లోపలికి లాగితే ఆ క్షణంలో వేగం నిమిషానికి 300 లీటర్లు దాటొచ్చు. సిలిండర్ గాలిని మాస్కులోకి ఇచ్చే వాల్వ్ అంత వేగంగా ఇవ్వలేకపోతే మాస్కు లోపల ఒత్తిడి బయటికంటే తగ్గిపోతుంది. సీల్ బాగుంటే ఏమీ కాదు, మాస్కు ముఖానికి ఇంకా అతుక్కుంటుంది. సందు ఉంటే బయటిది లోపలికి వస్తుంది.

నాకు ఇది పుస్తకంలో తెలియలేదు.

వరంగల్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిన సరుకు రేటు కోసం నెలల తరబడి వాటిలోనే పడి ఉంటుంది. ఆ చల్లదనం చాలా వాటిలో అమ్మోనియాదే. పదిహేనేళ్లకు పైనే అయింది, డిసెంబర్‌లో ఒక రాత్రి ఒక కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా లీకైందని కాల్ వచ్చింది. నేను అప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాను, దీక్ష మొదలై నెల దగ్గర పడుతోంది. గడ్డం బాగా పెరిగింది. ఆ ఏడాది మా స్టేషన్‌లో ఐదుగురం మాలలో ఉన్నాం, పై ఆఫీసర్ కూడా. ఆయన నన్ను స్వామీ అంటాడు, నేను ఆయన్ను స్వామీ అంటాను. గడ్డంతో సెట్ వేసుకోవద్దని ఎవరు ఎవరికి చెప్పాలి?

ఇద్దరం లోపలికి వెళ్లాం. ఇద్దరి గేజ్‌లూ 290 దగ్గర ఉన్నాయి. లీకు ఆపడానికి కట్టేయాల్సిన వాల్వ్ పై అంతస్తులో ఉందన్నారు. గోనె సంచుల మధ్య ఇరుకు దారి, ఇనుప మెట్లు, చీకటి. నేను బుస విన్నాను, విననట్టే ఊరుకున్నాను. పట్టీలు ఇంకో లాగు లాగి బిగించాను. సగం మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి గట్టిగా పీల్చాను. ముక్కులో సూది గుచ్చినట్టయింది, కళ్లలో నీళ్లు. అమ్మోనియాలో ఒక మేలుంది, అది తను వచ్చానని చెప్పి మరీ వస్తుంది. 300 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు 300, దాటితే ప్రాణాపాయం అని లెక్క, కానీ అంతకు ఎంతో ముందే ముక్కు పట్టేస్తుంది. అక్కడే ఉన్నది కార్బన్ మోనాక్సైడ్ అయితే, జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు లోలోపల రాజుకున్నప్పుడు వచ్చే పొగ అయితే, నాకు ఏ సూదీ గుచ్చేది కాదు. కాళ్లు తేలిపోయేవి, అంతే.

పన్నెండో నిమిషంలో గేజ్‌లు చూసుకున్నాం. నా జోడీది 190. నాది 130. జోడీగా వెళ్లినవాళ్లు జోడీగానే బయటికి రావాలి, ఎవరిది తక్కువుంటే వాళ్ల గేజ్ ప్రకారమే. వాల్వ్ ఇంకో ఇరవై అడుగుల దూరంలో ఉంది. అతని సిలిండర్‌లో ఆ పనికి చాలినంత గాలి ఉంది. నా వల్ల వెనక్కి తిరిగాడు. తర్వాత ఇంకో జోడీ వెళ్లి వాల్వ్ కట్టేసింది, ఎవరికీ ఏమీ కాలేదు, పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. బయటికి వచ్చాక నా జోడీ ఏమీ అనలేదు. మాస్కు తీసి నా చెంపల వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

మరుసటి ఏడాది మాల వేసుకోవడం మానేశానా అంటే లేదు. వేసుకునే ముందే డ్యూటీ రాసే చోట చెప్పాను, ఈ 41 రోజులూ నన్ను సెట్ పనికి రాయకండి, పంపు దగ్గరో, బయట లోపలికి వెళ్లినవాళ్ల లెక్క రాసే ఎంట్రీ బోర్డు దగ్గరో వేయండి అని. మొదట్లో నవ్వారు. రెండేళ్లకు మిగతా స్వాములు కూడా అలాగే చెప్పడం మొదలుపెట్టారు. మన దగ్గర ఈ విషయం మాట్లాడితే అందరూ ఒక్క మతం వైపే చూస్తారు. ఉత్తర తెలంగాణలో ఏ ఫ్యాక్టరీకైనా నవంబర్ నుంచి జనవరి మధ్య వెళ్లి చూడు, తర్వాత హనుమాన్ దీక్షల రోజుల్లో కూడా చూడు, మాస్కు కూర్చోని ముఖాలు ఎన్ని ఉంటాయో. వాళ్లను ఏమీ అనకుండా నిన్ను ఒక్కడినే గేటు దగ్గర ఆపితే అది సేఫ్టీ రూల్ కాదు. అందరినీ ఆపితే అది రూలే. నీ ఇన్‌స్ట్రక్టర్‌ను తూచడానికి నేను చెప్పిన తూకం ఇదే.

ఇక ఆ వాట్సాప్ తీర్పు. నువ్వు పంపింది వాషింగ్టన్ డీసీ ఫైర్‌మెన్ కేసు, 2009లో అప్పీల్ కోర్టు ఇచ్చింది. అందులో గడ్డం ఉన్న ఫైర్‌మెన్ గెలిచిన మాట నిజం. నీ దోస్తులు హెడ్డింగ్ చదివి పంపారు, నేను లోపలికి కూడా వెళ్లాను. పాజిటివ్ ప్రెషర్ సెట్‌తో గడ్డం ఉన్నా ప్రమాదం లేదని ఫైర్‌మెన్ వాదించారు. ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆ వాదనను కింది కోర్టులో వేళకు, సరిగా ఎదుర్కోలేదు. ఎదుర్కోని విషయాన్ని అప్పీల్‌లో కొత్తగా తెస్తే కుదరదని కోర్టు అంది. గడ్డంతో మాస్కు క్షేమమని అది తేల్చలేదు. లాయర్ల పోట్లాటలో ఒక వైపు తప్పు చేస్తే వచ్చిన గెలుపు అది. నీ సిలిండర్‌లో గాలికి ఆ సంగతి తెలియదు.

అంతకు పదేళ్ల ముందు, 1999లో, న్యూవార్క్ పోలీసుల కేసు ఉంది. అది నాకు నచ్చిన తీర్పు. అక్కడ చర్మం జబ్బు ఉన్నవాళ్లకు గడ్డం ఉంచుకోనిచ్చారు, ఇద్దరు ముస్లిం ఆఫీసర్లు మతం కోసం అడిగితే కుదరదన్నారు. జబ్బుకు సడలించినప్పుడు విశ్వాసానికి ఎందుకు సడలించరని కోర్టు అడిగింది, ఆఫీసర్లు గెలిచారు. వాళ్లు వేసుకోవాల్సింది యూనిఫాం, మాస్కు కాదు. అదే చర్మం జబ్బు, గీస్తే కురుపులు లేచేది, 2021లో న్యూయార్క్ ఫైర్‌మెన్ కేసులో వచ్చింది. అక్కడ కోర్టు ఫైర్ డిపార్ట్‌మెంట్ వైపే తీర్పు చెప్పింది. మాస్కు సీల్‌కూ చర్మానికీ మధ్య వెంట్రుకలు ఉండకూడదని అమెరికా కేంద్ర ప్రభుత్వంలో కార్మికుల భద్రత చూసే సంస్థ ఓషా నిబంధన ఉంది, 1910.134 అంటారు, దాన్ని మీరమని యజమానికి చెప్పలేమంది. ఆ నిబంధనలో మతం మాటే లేదు. జబ్బుకూ లేదు, స్టైలుకూ లేదు.

నీ పరిస్థితికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఫైర్‌మన్ కేసు కూడా కాదు. కాలిఫోర్నియాలో షెవ్రాన్ కంపెనీలో పనిచేసిన ఒక సిక్కు మెషినిస్టుది, 1984 తీర్పు. విషవాయువులు తగిలే అవకాశం ఉన్న చోట పని, గ్యాస్ దూరని మాస్కు వేసుకోగలిగి ఉండాలని రూల్ వచ్చింది. ఆయన గడ్డం తీయనన్నాడు. కంపెనీ ఆయన్ను తీసేయలేదు కానీ జీతం తక్కువున్న వేరే పనికి మార్చింది. ఆయన కేసు ఓడిపోయాడు. ఆయన్ను పాత పనిలోనే ఉంచితే ప్రమాదం ఉన్న భాగమంతా తోటి కార్మికుల మీద పడుతుందని కోర్టు చెప్పిన కారణం. జీతం తగ్గిందని చదివినప్పుడు నాకు బాధ అనిపించింది. కారణం చదివినప్పుడు ఆ ఇనుప మెట్లు, 130 దగ్గర ముల్లు గుర్తొచ్చాయి.

ఇంగ్లండ్ వాళ్ల చట్టం ఇంకా విడమరిచి ఉంది. తలపాగా పెట్టుకునే సిక్కులకు బిల్డింగ్ పనుల్లో హెల్మెట్ నుంచి 1989లో మినహాయింపు ఇచ్చారు, 2015లో దాన్ని దాదాపు అన్ని పనిచోట్లకూ పెంచారు. పెంచుతూనే, మంటల దగ్గరికీ అల్లర్ల దగ్గరికీ అత్యవసరంగా వెళ్లేవాళ్లను హెల్మెట్ తప్పనిసరైన సందర్భాల్లో బయట ఉంచారు. మన దగ్గరా బండి మీద సిక్కులకు హెల్మెట్ మినహాయింపు మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. హెల్మెట్ లేకపోతే పగిలేది ప్రధానంగా తన తలే. సెట్ వేసుకున్నవాడి మాస్కు కారితే అతన్ని మోసుకురావడానికి ఇంకో ఇద్దరు లోపలికి వెళ్లాలి.

మన సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి మహమ్మద్ జుబేర్ కేసులో గడ్డం కుదరదని చెప్పింది కదా అని ఎవరైనా నీకు చూపించొచ్చు. అది సాయుధ బలగాల క్రమశిక్షణ, అందరూ ఒకేలా కనబడడం మీద నడిచిన కేసు, 1964 నాటి వాళ్ల రెగ్యులేషన్ మీద. నీది ప్రైవేటు ఫ్యాక్టరీ. ఆ తీర్పు పట్టుకుని నీ మేనేజర్ మాట్లాడితే ఆయన తప్పు కాగితం తెచ్చుకున్నట్టే. ఆయనకు అది అవసరం కూడా లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ, 36వ సెక్షన్‌లో, విషవాయువు ఉండే ట్యాంకులోకో గుంతలోకో మనిషిని పంపాలంటే సరైన శ్వాస పరికరం, నడుముకు తాడు ఉండాలన్న మాట ఉంది. సీల్ కూర్చోని మాస్కు సరైన పరికరం ఎలా అవుతుంది? ప్రమాదం జరిగితే సంతకం పెట్టి లోపలికి పంపినవాడు జవాబు చెప్పాలి. ఆయన భయం అదే, దాన్ని అర్థం చేసుకో.

నీకు చిట్కాలు చెప్పేవాళ్లు దొరుకుతారు, అందుకని అవి కూడా మాట్లాడుకుందాం. గడ్డానికి వాజెలిన్ దట్టంగా రాసి మాస్కు పెడితే సీల్ కూర్చుంటుందంటారు. మా కాలంలో చేసినవాళ్లు ఉన్నారు. చెమట పట్టగానే జారిపోతుంది, రబ్బరు పాడవుతుంది. బొగ్గుబావుల రెస్క్యూ వాళ్లు వాడే ఆక్సిజన్ సెట్ దగ్గర అయితే నూనె, గ్రీజు దరిదాపుల్లో ఉండకూడదు, ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు జిడ్డు తగిలితే అంటుకుంటుంది. పట్టీలు బిగించడం అనే చిట్కా ఫలితం నా కథలో చూశావు. గడ్డాన్ని ట్రిమ్ చేసి పొట్టిగా ఉంచుతానంటే, ఇందాక చెప్పిన బ్రష్ కుచ్చు అదే.

ఒక్కటి మాత్రం ఆలోచించాల్సింది ఉంది. కోవిడ్ సమయంలో ఇంగ్లండ్‌లో సిక్కు డాక్టర్లు గడ్డం మొత్తాన్ని సాగే రబ్బరు గుడ్డతో కప్పి, నెత్తి మీద ముడి వేసి, దాని మీద మాస్కు పెట్టుకునే పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. సింగ్ ఠాఠా అన్నారు దాన్ని. పరీక్షించిన వాళ్లలో ఎక్కువమందికి ఆసుపత్రి మాస్కు ఫిట్ టెస్ట్ పాసైందని 2020లోనే పేపర్ కూడా రాశారు. నాకు అది చాలా నచ్చింది, బుర్ర పెట్టి ఆలోచించిన పని. అయితే అది ఆసుపత్రిలో నిలబడి పనిచేసేవాళ్ల మాస్కు. మంటల వేడిలో సాగే రబ్బరు గుడ్డ చెంపలకు అతుక్కుంటే ఏమవుతుందో ఊహించుకో. ఫైర్ సెట్‌కు దాన్ని వాడమని నేను ఎవరికీ చెప్పను. నీ తరం ఇంజనీర్లలో ఎవరైనా వేడికి తట్టుకునేది చేస్తే మొదట సంతోషించేవాళ్లలో నేనుంటాను.

గడ్డంతో పనిచేసే పరికరాలు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. సింగరేణి కార్మికుడి నడుముకు ఉండే సెల్ఫ్ రెస్క్యూయర్ చూసి ఉంటావు. ముక్కుకు క్లిప్పు, నోట్లో మౌత్‌పీస్ కరుచుకోవడం. గడ్డంతో దానికి సంబంధం లేదు. కానీ అది బయటపడటానికి ఇచ్చేది, లోపలికి వెళ్లి పనిచేయడానికి కాదు. మెడ దగ్గర బిగుసుకునే ఎస్కేప్ హుడ్ కూడా అలాంటిదే, అది నీ బెల్టుకు ఉండేలా అడుగు. ఇంకొకటి, మోటారుతో గాలిని వడకట్టి వదులుగా ఉండే హుడ్‌లోకి తోసేది. గడ్డం ఉన్నవాళ్లకు దుమ్ము పనుల్లో, తక్కువ మోతాదు గ్యాస్ ఉన్న చోట అది బాగా పనికొస్తుంది. ఓషా లెక్కలో వదులు హుడ్ ఇచ్చే రక్షణ 25 రెట్లు, ఫుల్ ఫేస్ ఫిల్టర్ మాస్కుది 50, పాజిటివ్ ప్రెషర్ బీఏ సెట్‌ది 10,000. అమ్మోనియా మేఘంలోకి 25 పట్టుకుని ఎవరూ వెళ్లరు. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా. కోల్డ్ స్టోరేజీలో నన్ను ఏడిపించింది దాని ముందర చెంచాడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. గొడవ పడకముందే, గడ్డం గీయకముందే, సేఫ్టీ ఆఫీసర్‌కు ఒక దరఖాస్తు రాయి. ఈ కారణంతో నేను గడ్డం ఉంచుకుంటున్నాను, సీల్ అవసరమైన మాస్కు పనికి నేను పనికిరానని నాకు తెలుసు, ఫైర్ టెండర్, అంటే ఫైరింజన్, డ్రైవర్ ఆపరేటర్‌గానో, పంప్‌హౌస్‌లోనో, కంట్రోల్ రూమ్‌లోనో, వెల్డింగ్ లాంటి హాట్ వర్క్ పర్మిట్ల దగ్గర మంట అంటుకోకుండా కాపలా ఉండే ఫైర్ వాచ్‌గానో తీసుకోగలరా అని స్పష్టంగా అడుగు. హైడ్రెంట్లు, ఎక్స్‌టింగ్విషర్ల చెకింగే పెద్ద ఫ్యాక్టరీలో ఒక మనిషికి నిండా పని. జవాబు కాగితం మీద తీసుకో. షిఫ్టుకు పదిహేను మంది ఉండే పెద్ద క్రూ అయితే సర్దుబాటుకు అవకాశం ఉంది. నలుగురే ఉండే క్రూలో అందరూ సెట్ వేసుకోవాల్సిందే, అక్కడ కుదరదంటే వాళ్లను తప్పు పట్టకు.

మా స్టేషన్‌లో ఒక డ్రైవర్ ఆపరేటర్ ఉండేవాడు, పిడికెడు గడ్డం, ఐదు పూటల నమాజు. నాకంటే సీనియర్, భాయ్ అనేవాళ్లం. ఉద్యోగమంతా పంపు దగ్గరే గడిపాడు. గేజ్ చూడకుండా ఇంజన్ మోత విని లోపల హోస్ మడత పడిందని చెప్పేవాడు. ఒకసారి మండి బజార్ ఇరుకులో దుకాణం మంట, నీళ్లు సగంలో ఆగాయి. మేం లోపల తిట్టుకుంటున్నాం. ఆయన అప్పటికే బండి దిగి, సందు మలుపులో హోస్ మీద ఎవరో ఎక్కించి ఆపిన ఆటోను భుజంతో పక్కకు తోస్తున్నాడు. సెట్ వేసుకోలేదని ఆయన్ను తక్కువ చేసి చూసినవాడిని నేను ఒక్కడినీ చూడలేదు. ఆయన కూడా సెట్ వేసుకోగలనని ఏనాడూ దొంగమాట చెప్పలేదు.

నువ్వు చేయకూడనిది ఆ దొంగమాటే. ఇన్‌స్ట్రక్టర్ చూడనప్పుడు మాస్కు పెట్టి, ఏం కాలేదు కదా అని ధైర్యం తెచ్చుకోవడం. ట్రైనింగ్ గదిలో ఉత్తుత్తి పొగలో ఏమీ కాదు.

వాళ్లను నువ్వు అడగాల్సింది కూడా ఒకటుంది. ఫిట్ టెస్ట్. ముఖానికి మాస్కు పెట్టి, హుడ్ లాంటిది కప్పి, అరటిపండు వాసన వచ్చే ద్రావకం లోపల పెడతారు. తల తిప్పమంటారు, వంగమంటారు, గట్టిగా మాట్లాడమంటారు. వాసన తగిలితే ఫెయిల్. మిషన్‌తో అంకెల్లో కొలిచే పద్ధతీ ఉంది. మన దగ్గర చాలా ఫ్యాక్టరీల్లో ఇది చేయరు. ఒకే సైజు మాస్కులు డజను కొని అందరికీ అదే తగిలిస్తారు. నున్నగా గీసుకున్న కుర్రాడికి కూడా చెంపలు లోపలికి పోయి ఉంటేనో, మచ్చ ఉంటేనో, దవడ సన్నగా ఉంటేనో ఆ సైజు కూర్చోదు. గడ్డం గురించి అంత గట్టిగా మాట్లాడే కంపెనీ, టెస్ట్ చేయకుండా గడ్డం లేని ముఖాలను లోపలికి పంపుతుంటే, అప్పుడు నువ్వు అడగొచ్చు, నీకు సీల్ ముఖ్యమా నా గడ్డం ముఖ్యమా అని. మర్యాదగా అడుగు. నేనైతే అలా అడిగే కుర్రాడిని క్రూలో ఉంచుకుంటాను.

ఉద్యోగం కోసం గడ్డం తీయడం దీన్‌లో కుదురుతుందా లేదా అన్నది నువ్వు నన్ను అడగలేదు, అడిగినా నేను చెప్పను. అది మీ ఆలిమ్‌ను అడగాల్సిన మాట. అడిగేటప్పుడు సగం చెప్పకు. వేరే పని ఉందా లేదా, ఈ పనిలో పక్కవాడి ప్రాణం ఎలా ముడిపడి ఉంది, రోజూ గీయాలా అన్నవన్నీ చెప్పు. రోజూ గీయాల్సిందే మరి, షిఫ్టుకు వచ్చే ముందు. వారానికోసారి గీస్తే చాలనుకుని తీస్తే గడ్డమూ పోతుంది, సీలూ రాదు.

ఇక చశ్మా. దానికీ అంటారు, అదే కారణంతో. చశ్మా కాడలు కణతల దగ్గర రబ్బరు కింద నుంచి పోతాయి, రెండు వైపులా సందు పడుతుంది. చశ్మాతో మాస్కు పెట్టుకోనివ్వకూడదు. మాస్కు లోపల బిగించే కాడలు లేని ఫ్రేమ్ కిట్ ఆ మాస్కు కంపెనీ వాళ్లే అమ్ముతారు, అందులో నీ పవర్ అద్దాలు వేయించాలి. ఖర్చు ఫ్యాక్టరీదే కావాలని అడుగు. నువ్వు పంపు దగ్గరికే వెళ్లేట్టయితే మాత్రం ఆ కిట్ అవసరం లేదు, కళ్ల డాక్టర్ చీటీ కొత్తది ఒకటి తీసుకుపో. టెండర్ నడపాలంటే మెడికల్‌లో చూపు ఎలాగూ చూస్తారు.